ఇటలీ యాత్ర: కట్టడాన్నీ, దాని రాయి పుట్టిన కొండనీ జంటగా చూసే ప్లాన్

ఇటలీ వెళ్ళొచ్చిన వాళ్ళని ఏం చూశారని అడిగితే పేర్లు గబగబా చెప్పేస్తారు. కొలోసియం, వాలు గోపురం, వెనిస్ పడవలు. ఇంకో నాలుగు మాటలు చెప్పమంటే మాత్రం తడబడతారు. ఎనిమిది రోజుల్లో ఏడు ఊళ్ళు తిరిగితే ఏ చర్చి ఏ ఊళ్ళోదో కలగాపులగం అయిపోవడం మామూలే. 2025 నాటికి ఆ దేశంలో యునెస్కో వారసత్వ స్థలాలు 61 ఉన్నాయి, ప్రపంచంలో ఇంకే దేశానికీ అన్ని లేవు. అన్నీ చూడటం జరిగే పని కాదు కాబట్టి, ఏవి వదిలేయాలో తేల్చుకోవడానికి ఒక పద్ధతి కావాలి.

నేను గట్టిగా నమ్మే పద్ధతి ఒకటుంది. చరిత్రనీ ప్రకృతినీ వేర్వేరు లిస్టులుగా రాసుకోకండి. ప్రతి గొప్ప కట్టడానికీ దాని రాయో, కలపో, మట్టో ఎక్కడి నుంచి వచ్చిందో చూసి, ఆ చోటుని దానికి జంటగా పెట్టుకోండి. ఇటలీలో ఇది చాలా బాగా కుదురుతుంది. అక్కడ పర్వతం, అగ్నిపర్వతం, నగరం అన్నీ రెండు మూడు గంటల దూరంలోనే ఉంటాయి. ఇలా వెళితే యాత్ర మధ్యలో మ్యూజియంల అలసట కూడా ఉండదు.

మొదటి అడుగు: జంటలు ఎంచుకోండి

*వెనిస్, డోలమైట్స్.* నాకు అన్నిటికన్నా ఇష్టమైన జంట ఇదే. వెనిస్ ఉప్పునీటి మడుగులోని 118 చిన్న దీవుల మీద ఉంది. ఆ బురదలో లక్షల కొద్దీ చెక్క గుంజలు దిగ్గొట్టి, వాటి మీద రాయి పరిచి భవనాలు లేపారు. గ్రాండ్ కెనాల్ మొదట్లో కనిపించే సాంతా మారియా దెల్లా సాలూతె చర్చి ఒక్కదాని కిందే పది లక్షలకు పైగా గుంజలున్నాయని చెబుతారు. 1630లో ప్లేగు విరుచుకుపడినప్పుడు మొక్కుకుని, 1631లో పునాది వేసిన చర్చి అది. బురద అడుగున గాలి తగలదు కాబట్టి ఆ కలప కుళ్ళిపోకుండా ఇన్ని వందల ఏళ్ళు నిలిచింది.

ఆ కలపలో చాలా భాగం ఉత్తరాన కాదోరె కొండ ప్రాంతం అడవుల నుంచి వచ్చింది. దుంగల్ని తెప్పలుగా కట్టి పియావె నదిలో వదిలితే దిగువకి కొట్టుకొచ్చేవి. వెనిస్ దక్షిణపు ఒడ్డున ఉన్న జట్టెరె అనే పొడవాటి నడకదారి ఆ తెప్పలు వచ్చి ఆగిన చోటు. సాయంత్రం అక్కడ నడవండి. సాన్ మార్కో చౌకు దగ్గరున్న తోపులాట అక్కడ ఉండదు.

మర్నాడు బస్సెక్కి ఆ కొండలకే వెళ్ళండి. వెనిస్ నుంచి కోర్తినా దంపెజ్జోకి రెండు, రెండున్నర గంటల ప్రయాణం. 2026 శీతాకాల ఒలింపిక్స్ కోసం మిలాన్‌తో పాటు ఎంపికైన ఊరు అది. డోలమైట్స్ మామూలు కొండలు కావు. దాదాపు 23 కోట్ల ఏళ్ళ కిందట వెచ్చని సముద్రంలో ఏర్పడిన పగడపు దిబ్బలే ఇప్పుడు మూడు వేల మీటర్ల ఎత్తున నిలబడి ఉన్నాయి. ఆ లేత రంగు రాయి మీద పొద్దు వాలే వేళ ఎండ పడితే గులాబీ రంగుకి, తర్వాత ఊదా రంగుకి తిరుగుతుంది. ఒక్క సాయంత్రమైనా కొండ మీద బస చేయమని నేను చెప్పేది అందుకే. పొద్దున వచ్చి మధ్యాహ్నం వెళ్ళిపోయేవాళ్ళకి ఆ రంగులు దొరకవు.

ఒక్క నడకకే సమయం ఉంటే ట్రె చిమె చుట్టు దారి పట్టండి. పక్కపక్కనే నిలబడ్డ మూడు శిఖరాల చుట్టూ సుమారు 10 కిలోమీటర్లు, తీరిగ్గా నడిస్తే నాలుగు గంటలు. మొదలయ్యే చోటే 2,320 మీటర్ల ఎత్తు కాబట్టి ఎక్కుడు పెద్దగా ఉండదు. అమ్మానాన్నలతో వెళితే మొత్తం చుట్టు తిరగాల్సిన పని లేదు. మొదటి అరగంట దారి వెడల్పుగా, దాదాపు చదునుగా ఉంటుంది. అక్కడి నుంచే దృశ్యం బ్రహ్మాండంగా కనబడుతుంది. వేసవిలో కారు తీసుకెళ్ళాలంటే ముందే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవాలి. బ్రాయెస్ సరస్సుకి కూడా జులై, ఆగస్టుల్లో ఇలాంటి ఆంక్షే ఉంటుంది. బస్సులో వెళ్ళడమే హాయి.

వెనిస్‌లో మనవాళ్ళు తప్పకుండా చూడాల్సిన చిన్న చోటు ఒకటుంది. రియాల్తో వంతెనకి కాస్త దూరంలో, మాలిబ్రాన్ థియేటర్ వెనకాల కోర్తె దెల్ మిలియోన్ అనే ఇరుకు వాకిలి. మార్కో పోలో కుటుంబం ఇల్లు అక్కడే ఉండేదంటారు. 13వ శతాబ్దం చివర్లో మన తీరం గురించి రాసిన మనిషి ఆయన. మోటుపల్లి రేవుని ముత్ఫిలి అని పిలిచి, అక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నని నూలు బట్టల గురించి, ఆ రాజ్యాన్ని న్యాయంగా ఏలిన రాణి గురించి చెప్పాడు. ఆ రాణి మన రుద్రమదేవే. చూడ్డానికి అక్కడ పెద్దగా ఏమీ ఉండదు, గోడ మీద ఒక ఫలకం తప్ప. అయినా బాపట్ల జిల్లాలోని ఆ తీరం పేరు ఇక్కణ్ణుంచి బయల్దేరిన ఒకాయన ద్వారా యూరప్‌కి తెలిసిందన్న తలపు ఆ వాకిట్లో నిలబడితే ఒళ్ళు జలదరింపజేస్తుంది.

*నేపుల్స్, పాంపేయి, వెసూవియస్.* ఇక్కడ కొండకీ ఊరికీ ఉన్న సంబంధం గురించి వేరే చెప్పక్కర్లేదు. క్రీ.శ. 79లో వెసూవియస్ పేలి, పాంపేయిని నాలుగు నుంచి ఆరు మీటర్ల బూడిద, నురగరాయి కింద పూడ్చేసింది. 1863లో జుసెప్పె ఫియోరెల్లి అనే పురావస్తు శాస్త్రవేత్త, శవాలు పోయి బూడిదలో మిగిలిన ఖాళీల్లో జిప్సం పోయించాడు. చనిపోయినవాళ్ళు ఆఖరి క్షణంలో ఎలా ఉన్నారో ఆ రూపాలు బయటికొచ్చాయి. పిల్లలతో వెళుతుంటే వాటి గురించి ముందే చెప్పి తీసుకెళ్ళండి.

పాంపేయిలో నన్ను ఎక్కువసేపు నిలబెట్టేవి మాత్రం రోడ్లు. వీధికి అడ్డంగా ఎత్తైన రాళ్ళు వరసగా పాతి ఉంటాయి. వీధిలో మురుగు పారుతున్నా కాళ్ళు తడవకుండా జనం దాటడానికి అవి. వాటి మధ్య సందుల్లోంచి బండి చక్రాలు వెళ్ళేవి. ఆ సందుల దగ్గర వంగి చూడండి, ఇనప కమ్మీ చక్రాలు తిరిగి తిరిగి రాతిలో లోతుగా గాళ్ళు పడి ఉంటాయి. చేయి పెడితే వేళ్ళు దిగుతాయి. రాజుల చరిత్ర ఎంత చదివినా ఆ గాడి చెప్పేది వేరు.

నేపుల్స్ నుంచి చిర్కుంవెసువియానా లోకల్ రైలెక్కి పాంపేయి స్కావి స్టేషన్‌లో దిగితే గేటు ఎదురుగానే ఉంటుంది. ఉదయం తెరవగానే వెళ్ళండి, లోపల నీడ తక్కువ. మధ్యాహ్నం వెసూవియస్ బిలం అంచు దాకా ఎక్కవచ్చు. వెయ్యి మీటర్ల ఎత్తు వరకు బస్సు వెళుతుంది, అక్కడి నుంచి బూడిద దారిలో అరగంట నడక. టికెట్ ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి. కొండ ఆఖరిసారి 1944లో పేలింది. నడక కష్టమైతే దాని బదులు, 79లో అదే పేలుడుకి పూడిపోయిన హెర్క్యులేనియం చూడండి. ఊరు చిన్నది, రెండు మూడు గంటల్లో అయిపోతుంది, అదే రైలు దారిలో ఉంది. మాడి బొగ్గయిన చెక్క దూలాలు, తలుపులు ఇంకా అక్కడ ఉన్నాయి.

నేపుల్స్ పురావస్తు మ్యూజియంకి ఒక పూట ఉంచండి, అది మంగళవారం మూసేస్తారు. పాంపేయి నుంచి తెచ్చిన చిత్రాలు, మొజాయిక్‌లు అక్కడే ఉన్నాయి. 1938లో పాంపేయిలో ఒక ఇంట్లో దొరికిన చిన్న దంతపు బొమ్మ కూడా అక్కడే ఉంది. నిండా నగలతో ఉన్న భారతీయ స్త్రీ రూపం అది. పాంపేయి లక్ష్మి అంటారు గానీ యక్షి అని చెప్పే పండితులే ఎక్కువ. అలాంటి బొమ్మలు మహారాష్ట్రలోని భోకర్దన్‌లో, శాతవాహనుల నాటి పొరల్లో దొరికాయి. రోమ్ బంగారం మన దక్కన్‌కీ, మన సరుకు రోమ్‌కీ నడిచిన కాలం అది. ఆ బొమ్మ మ్యూజియంలో సీక్రెట్ క్యాబినెట్ అనే గదిలో ఉంటుంది, అడిగి మరీ వెళ్ళండి.

*రోమ్, పొట్సువోలి.* రోమ్‌లో ఒక్క భవనమే చూడగలరంటే నేను కొలోసియం అనను, పాంథియన్ అంటాను. హాడ్రియన్ చక్రవర్తి కాలంలో, క్రీ.శ. 126 ప్రాంతంలో పూర్తయింది. 43.3 మీటర్ల గుమ్మటం, లోపల ఇనప చువ్వ ఒక్కటీ లేదు. అలాంటి కాంక్రీటు గుమ్మటాల్లో ప్రపంచంలో ఇప్పటికీ అదే పెద్దది. కింద బరువైన రాళ్ళు కలిపి, పైకి వెళ్ళే కొద్దీ తేలికైనవి, చిట్టచివర నురగరాయి కలిపి పోశారు. నడి నెత్తిన దాదాపు 9 మీటర్ల గుండ్రటి ఖాళీ ఉంది, వాన పడితే నీళ్ళు లోపలే పడతాయి. అందరూ పైకే చూస్తారు, మీరు కిందకి కూడా చూడండి. నేల మధ్యలో కొద్దిగా ఉబ్బెత్తుగా ఉండి, చలువరాతి పలకల్లో చిన్న రంధ్రాలుంటాయి. వాన నీరు వాటిలోంచి పోతుంది.

ఆ కాంక్రీటుకి బలమిచ్చింది అగ్నిపర్వతాల బూడిద. అందులో అన్నిటికన్నా పేరు పడ్డది నేపుల్స్ పక్కనున్న పొట్సువోలి బూడిద. నేపుల్స్‌లో ఉన్నప్పుడే మెట్రో రెండో లైన్‌లో అక్కడికి వెళ్ళి రావచ్చు. ఊరి మధ్యలో రోమన్ల నాటి సంతలో మూడు పాలరాతి స్తంభాలు నిలబడి ఉంటాయి. వాటి మీద మనిషి ఎత్తు కన్నా చాలా పైన ఒక పట్టీ అంతా చిన్న చిన్న తొర్రలు. ఆల్చిప్పల జాతి సముద్రజీవులు తొలిచినవి. అంటే ఆ నేల ఒకప్పుడు అంత లోతున సముద్రంలోకి కుంగి, మళ్ళీ లేచింది. అక్కడి భూమి ఇప్పటికీ కదులుతోంది, చిన్న ప్రకంపనలు వస్తుంటాయి. వెళ్ళే వారం వార్తలు చూసుకోండి.

కొలోసియం కూడా చూస్తారు, చూడాలి. వెస్పాసియన్ మొదలుపెడితే క్రీ.శ. 80లో ఆయన కొడుకు టైటస్ ప్రారంభించాడు. దాని బయటి గోడల ట్రావర్టీన్ రాయి తివోలి దగ్గరి గనులది. రోమ్ నుంచి గంట దూరంలో ఉన్న ఆ తివోలిలోనే విల్లా దెస్తె ఫౌంటెన్ల తోట, హాడ్రియన్ విల్లా ఉన్నాయి. మూడో రోజు రోమ్ రద్దీ విసుగనిపిస్తే అటు వెళ్ళండి.

*ఫ్లోరెన్స్, కర్రారా, చింక్వె తెర్రె.* మైకెలాంజెలో దావీదు విగ్రహం 5.17 మీటర్లు. కర్రారా కొండల నుంచి తెచ్చిన ఆ రాతిని 1464లో మరో శిల్పి మొదలుపెట్టి వదిలేశాడు. దశాబ్దాల పాటు పడి ఉన్నాక, 1501లో మైకెలాంజెలో చేతికొచ్చింది. ఆయన వయసు అప్పటికి 26. ఫ్లోరెన్స్‌లోని అకాడెమియా మ్యూజియంలో విగ్రహం చూశాక, కర్రారా మీదుగా సముద్రం వైపు వెళ్ళండి. రైలు కిటికీలోంచి కొండల మీద మంచు పడిందా అన్నట్టు కనిపించేదంతా పాలరాతి గనులే. జీపుల్లో గనుల్లోకి తీసుకెళ్ళే టూర్లున్నాయి. దారిలోనే పీసా తగులుతుంది. గోపురం ఎక్కాలనుకుంటే 8 ఏళ్ళలోపు పిల్లల్ని అనుమతించరు, గుర్తుంచుకోండి.

ఆ రాత్రి లా స్పెజియాలో ఉండి మర్నాడు చింక్వె తెర్రెలోని ఐదు ఊళ్ళు తిరగండి. ఊరికీ ఊరికీ రైలులో నాలుగైదు నిమిషాలే. ఐదింట్లో నాలుగు సముద్రానికి ఆనుకుని ఉంటాయి, కోర్నీలియా మాత్రం గుట్ట మీద ఉంటుంది. స్టేషన్ నుంచి దాదాపు 380 మెట్లు. పెద్దవాళ్ళుంటే అది వదిలేసి వెర్నాజ్జాలో, మనరోలాలో ఎక్కువసేపు గడపండి.

మిలాన్ గురించి క్లుప్తంగా చెబుతాను. అక్కడి కేథడ్రల్ పాలరాయి మజ్జోరె సరస్సు దగ్గరి కాందోలియా నుంచి కాలువల మీద వచ్చింది. విమానం అక్కడ దిగితే ఒక రోజు ఉండి కేథడ్రల్ పైకప్పు మీద నడవండి, లేకపోతే ఊరు వదిలేసినా నష్టం లేదు. సిసిలీని మాత్రం ఇందులో కుక్కకండి. ఎట్నా, దాని నల్లని లావా రాతితో కట్టిన కతానియా, అగ్రిజెంతోలోని గ్రీకు ఆలయాలు కలిపి ఇంకో సెలవుకి సరిపోయే యాత్ర.

రెండో అడుగు: నెల తేల్చుకోండి

ఎండాకాలం సెలవుల్లో వెళ్ళే కుటుంబాలు మే నెలని పట్టుకోండి. జూన్ నడుమకి వచ్చేసరికి రోమ్‌లో ఎండ, జనం రెండూ పెరిగిపోతాయి. ఒక చిక్కుంది. డోలమైట్స్‌లో రోప్‌వేలు ఎక్కువగా జూన్ మధ్యలో గానీ తెరవరు, మేలో ఎత్తైన దారుల మీద మంచు ఉంటుంది. మేలో వెళితే డోలమైట్స్ బదులు మిలాన్ దగ్గరి కోమో సరస్సు పెట్టుకోండి. డోలమైట్స్ తప్పనిసరి అనుకుంటే సెప్టెంబరే మంచిది. దసరా సెలవులు అక్టోబరు మొదట్లో పడే ఏడాది నేపుల్స్ వైపు వాతావరణం చాలా బాగుంటుంది. ఆగస్టు వద్దే వద్దు. 15వ తేదీ పండగ చుట్టూ ఇటాలియన్లే ఊళ్ళు ఖాళీ చేసి బీచ్‌లకి పోతారు, నగరాల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

మూడో అడుగు: దారి గీయండి

వచ్చిన ఊరికే తిరిగి వెళ్ళి విమానం ఎక్కే టికెట్ కొనకండి. వెనిస్‌లో దిగి రోమ్‌లో ఎక్కేలా బుక్ చేస్తే ఒక రోజు మిగులుతుంది. 12 రాత్రులుంటే వెనిస్ 2, డోలమైట్స్ 2, ఫ్లోరెన్స్ 2, లా స్పెజియా 1, నేపుల్స్ 2, రోమ్ 3. రోమ్ చివర్లో ఉండాలి, సమ్మె వల్ల ఒక రైలు పోయినా విమానం పోదు. ఎనిమిది రాత్రులే ఉంటే అన్నిటినీ తలా ఒక పూట కోయకండి. ఒక జంటని పూర్తిగా తీసేయండి.

నాలుగో అడుగు: వీసా

యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే షెంజెన్ వీసా కావాలి. ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 15 రోజుల ముందు అనేది నిబంధన, రెండు మూడు నెలల ముందే స్లాట్ తీసుకోవడం తెలివి. పెద్దలకి ఫీజు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ళ లోపు పిల్లలకి 45. ట్రావెల్ ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు పెట్టాలి. స్లాట్ దొరికిందని వేరే దేశానికి పెట్టి ఇటలీలో గడపడం మంచిది కాదు. బ్యాంక్ స్టేట్‌మెంట్, ఐటీ రిటర్నులు, లీవ్ లెటర్‌తో పాటు రోజువారీ ప్లాన్ కూడా జత చేయండి. హోటల్ బుకింగ్ తేదీలు ఆ ప్లాన్‌తో ఒక్క రోజు కూడా తేడా రాకూడదు. అమెరికాలో హెచ్1బీ మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్ళకి కూడా భారత పాస్‌పోర్ట్ ఉంటే ఈ వీసా తప్పదు.

ఐదో అడుగు: తేదీ ఉన్న టికెట్లు ముందు

వీసా చేతికి రాగానే వీటిని ఈ వరసలో కొనండి. మిలాన్‌లో లాస్ట్ సప్పర్ చిత్రం చూడాలనుకుంటే అదే మొదట. లోపల 15 నిమిషాలే ఉండనిస్తారు, నెలల ముందే అయిపోతుంది. తర్వాత వాటికన్ మ్యూజియం. నెలలో ఆఖరి ఆదివారం తప్ప మిగతా ఆదివారాలు సెలవు, ఆ ఒక్క ఆదివారం ఉచితం కాబట్టి తొక్కిసలాటే. సిస్టీన్ చాపెల్‌లో ఫోటోలు తీయనివ్వరు, భుజాలు మోకాళ్ళు కప్పే బట్టలుండాలి. కొలోసియం టికెట్లు 30 రోజుల ముందు తెరుస్తారు. టికెట్ మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి. మన ఇంటిపేర్లు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంటాయి, కాబట్టి పాస్‌పోర్ట్ ముందు పెట్టుకుని టైప్ చేయండి. పాంపేయికీ పేరుతోనే టికెట్, రోజుకి 20,000 మంది వరకే అనుమతి. ఫ్లోరెన్స్‌లో ఉఫిట్సి, అకాడెమియా మ్యూజియంలు రెండూ సోమవారం మూసేస్తారు. అక్కడి కేథడ్రల్ గుమ్మటం ఎక్కాలంటే 463 మెట్లు, లిఫ్ట్ లేదు. వెనిస్‌కి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్ళేవాళ్ళు కొన్ని తేదీల్లో ప్రవేశ రుసుం కట్టాలి. రాత్రి అక్కడే ఉంటే అది అక్కర్లేదు గానీ ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవాలి.

గూగుల్‌లో పైన వచ్చే సైట్లన్నీ అసలువి కావు. రెట్టింపు ధర చూపిస్తే వెనక్కి వచ్చి ఆ మ్యూజియం సొంత సైట్ వెతకండి.

ఆరో అడుగు: రైళ్ళు, కారు

పెద్ద ఊళ్ళ మధ్య వేగం రైళ్ళు చాలు. రోమ్ నుంచి ఫ్లోరెన్స్‌కి గంటన్నర, ఫ్లోరెన్స్ నుంచి వెనిస్‌కి రెండు గంటలు, రోమ్ నుంచి నేపుల్స్‌కి గంటా పది నిమిషాలు. ముందుగా కొంటే చాలా చవక. ప్రాంతీయ రైళ్ళకి ధర మారదు, అప్పటికప్పుడు కొనొచ్చు. కాగితం టికెట్‌ని మాత్రం ఎక్కే ముందు ప్లాట్‌ఫాం మీది మెషీన్లో ముద్ర వేయించాలి, మర్చిపోతే జరిమానా. వెనిస్‌కి వెళ్ళేటప్పుడు మెస్త్రె స్టేషన్‌లో కాక సాంతా లూచియా స్టేషన్‌లో దిగండి, మెట్లు దిగగానే గ్రాండ్ కెనాల్. గొండోలా అధికారిక ధర పగలు అరగంటకి 90 యూరోలు, మొత్తం పడవకి. బేరం పెట్టుకోవాల్సిన పని లేదు.

కారు డోలమైట్స్‌లో తప్ప ఎక్కడా వద్దు. పాత ఊళ్ళ నడిబొడ్డున బయటి వాహనాలు రాకూడని జోన్లుంటాయి. కెమెరా పట్టేస్తుంది, చలాన్ నెలల తర్వాత ఇంటికొస్తుంది. కారు తీసుకుంటే మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ ఉండాలి.

ఏడో అడుగు: తిండి

శాకాహారులకి ఇటలీ కష్టం కాదు. మరినారా పిజ్జాలో టమాటా, వెల్లుల్లి, నూనె తప్ప చీజ్ కూడా ఉండదు. కారం కావాలంటే అర్రబ్బియాతా పాస్తా. నేపుల్స్‌లో వంకాయ పొరలతో చేసే పార్మిజానా మన ఇళ్ళలో అందరికీ నచ్చుతుంది. పార్మెజాన్ చీజ్‌లో పాలు విరగడానికి దూడ కడుపు నుంచి తీసిన రెనెట్ అనే పదార్థం వాడతారు, నిష్ఠగా ఉండేవాళ్ళు అది వద్దని ముందే చెప్పాలి. "సెన్జా కార్నె, సెన్జా పెషె" అంటే మాంసం, చేప లేకుండా. రాత్రి భోజనం ఏడుకి ముందు చాలాచోట్ల దొరకదు, పిల్లల కోసం ఏదైనా చేతిలో ఉంచుకోండి. కాఫీ నిలబడి తాగితే ధర తక్కువ. రోమ్ వీధుల్లో ఎప్పుడూ పారుతుండే కుళాయిల నీళ్ళు తాగొచ్చు, ఖాళీ సీసా తీసుకెళ్ళండి.

సూట్‌కేసులో నెయ్యి, పాలకోవా పెట్టకండి, పాల పదార్థాల్ని యూరప్‌లోకి రానివ్వరు. పచ్చి కరివేపాకు కూడా సర్టిఫికెట్ లేకుండా కుదరదు. కారప్పొడి, కందిపొడి సీల్ చేసి పెట్టుకోండి.

తిరిగొచ్చేటప్పుడు రోమ్ తెర్మిని స్టేషన్ నుంచి విమానాశ్రయానికి నేరుగా రైలుంది, 32 నిమిషాలు. ఒకే దుకాణంలో 70 యూరోలు దాటి కొన్న వస్తువులకి పన్ను వాపసు వస్తుంది. బిల్లుతో పాటు ఫారం అప్పుడే అడిగి తీసుకుని, లగేజీ చెక్-ఇన్ చేసే ముందే కస్టమ్స్ దగ్గర చూపించండి. అక్కడ క్యూ ఉంటుంది కాబట్టి మామూలు కన్నా ఒక గంట ముందు చేరుకోండి.